అడ్డం వేరు, నిలువు వేరు

2010 జనవరి 11న అమెరికా సుప్రీంకోర్టులో బ్రిస్కో వర్సెస్ వర్జీనియా అనే కేసు మీద వాదనలు జరుగుతున్నాయి. మాదకద్రవ్యాల కేసుల్లో ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోతుందా, దాన్ని రాసిన నిపుణుడు కూడా బోనెక్కి సాక్ష్యం చెప్పాలా అన్నది తగాదా. నిందితుల తరఫున నిలబడినవారు మిషిగన్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ రిచర్డ్ ఫ్రీడ్‌మన్. బెంచి మీది నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు ఆయన, ఆ సంగతి ఇక్కడి వివాదానికి పూర్తిగా ‘ఆర్థోగోనల్’ అని జవాబిచ్చారు. చీఫ్ జస్టిస్ రాబర్ట్స్‌కు ఆ మాట అంతుపట్టలేదు. పూర్తిగా ఏమిటన్నారని అడిగారు. లంబకోణమని, సంబంధం లేనిదని, అప్రస్తుతమని ప్రొఫెసర్ వివరించారు. జస్టిస్ స్కాలియాకు మాట తెగ నచ్చేసింది. తీర్పులో వాడుకుందామన్నారు. హాల్లో నవ్వులు.

చీఫ్ జస్టిస్ అంతటివాడు రెండోసారి అడిగి తెలుసుకున్న మాట మనకెందుకంటారా? ఇంగ్లీషులో ఒక మాట ఎక్కువ వచ్చినంత మాత్రాన ఎవరి వ్యక్తిత్వమూ వికసించదు. ఆ మాటతో పాటు వచ్చే అలవాటు కోసం ఈ అధ్యాయం. కలగాపులగమైపోయిన రెండు ప్రశ్నల్ని విడదీసి, దేని జవాబు దానికి వెతకడం ఆ అలవాటు. మనకు దీన్ని బళ్లో నేర్పారు కూడా. మనమే అది పరీక్షల కోసమనుకుని వదిలేశాం.

ఇంటర్లో ఎంపీసీ చదివినవాళ్లకు ఈ మాట పాత చుట్టమే. రెండు వృత్తాలు లంబంగా ఖండించుకోవడానికి ఏం కావాలో ఒక సూత్రం బట్టీ పట్టి ఉంటారు. రెండు వెక్టర్ల మధ్య కోణం 90 డిగ్రీలైతే వాటి డాట్ ప్రొడక్టు సున్నా అని రాసి మార్కులు తెచ్చుకుని ఉంటారు. గ్రీకులో ‘ఆర్థోస్’ అంటే తిన్ననిది, ‘గోనియా’ అంటే కోణం. ఎముకల డాక్టరు బోర్డు మీద కనిపించే ‘ఆర్థో’ కూడా ఆ తిన్నదనమే. ఇంగ్లీషువాళ్లు రెండో అక్షరాన్ని ఒత్తి ‘ఆర్థాగనల్’ అంటారు, మన కాలేజీల్లో ఆర్థోగోనల్. ఎలా పలికినా కొంపలంటుకోవు. ఒక గీత మీద నిటారుగా నిలిచిన గీతకు ‘పర్పెండిక్యులర్’ చాలు, గది ఆకారానికి ‘రెక్టాంగులర్’ చాలు. ఆర్థోగోనల్ మాత్రం గీతలు గీయలేని చోటికి కూడా వెళ్తుంది. లక్షణాలకు, కారణాలకు, ప్రశ్నలకు కూడా వర్తిస్తుంది. అక్కడే మనకు దానితో పని.

నది దాటే లెక్క

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లికి వశిష్ఠ గోదావరి దాటేవాళ్లు రోజూ చూసేదే ఇది. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు నేనే పెడతాను. నది వెడల్పు 900 మీటర్లు. పడవ వేగం సెకనుకు 3 మీటర్లు. నీళ్లు కదలకుండా ఉంటే, ముక్కు తిన్నగా అవతలి గట్టుకు పెట్టి నడిపితే 300 సెకన్లలో, అంటే 5 నిమిషాల్లో దాటేస్తాం. ఇప్పుడు సెకనుకు 1 మీటరు చొప్పున ప్రవాహం ఉంది. ఎంతసేపు పడుతుంది?

క్లాసులో ఈ ప్రశ్న వేస్తే ఎక్కువ సేపే పడుతుందని చాలా గొంతులు లేస్తాయి. నిజానికి అవే 5 నిమిషాలు. ప్రవాహం రెట్టింపైనా అవే 5 నిమిషాలు. నీళ్లు తోసేది దిగువకు, మనం వెళ్లేది అడ్డంగా. దిగువకు తోసే వేగంలో అడ్డంగా అడ్డుకునే భాగం సున్నా. మారేదల్లా మనం తేలే చోటు. మొదటి సందర్భంలో ఎదుటి రేవుకు 300 మీటర్ల దిగువన, రెండో సందర్భంలో 600 మీటర్ల దిగువన తేలతాం. ‘ఎంతసేపు’ అన్న ప్రశ్నకు జవాబు పడవ దగ్గరుంది. ‘ఎంత దిగువకు’ అన్నదానికి జవాబు నది దగ్గరుంది. విసిరిన వస్తువు ముందుకు పోవడాన్నీ కిందికి పడటాన్నీ గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో విడదీసి చూపించింది కూడా ఇలాగే. అంతకుముందు శతాబ్దాల తరబడి ఫిరంగి గుండు దారి ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు.

ఇదే లెక్కలో ఇంకో మెలిక ఉంది. నాకు అసలు ఇష్టమైన భాగం అదే. దిగువకు కొట్టుకుపోకుండా సరిగ్గా ఎదుటి రేవులోనే తేలాలని పట్టుబట్టారనుకోండి. అప్పుడు పడవ ముక్కును ఎగువకు తిప్పి నడపాలి. పడవ బలంలో కొంత నీళ్లతో పోరాడటానికి పోతుంది. ప్రవాహం సెకనుకు 1 మీటరైతే దాటడానికి సుమారు 5 నిమిషాల 18 సెకన్లు, 2 మీటర్లైతే సుమారు 6 నిమిషాల 42 సెకన్లు. 3 మీటర్లైతే ఎప్పటికీ ఎదుటి రేవు చేరలేరు. నది మారలేదు, పడవా మారలేదు. మనం పెట్టుకున్న షరతు రెండు ప్రశ్నల్ని ముడేసింది. విడివిడిగా ఉన్న విషయాలు కూడా మన పట్టుదల వల్ల ముడిపడతాయని గుర్తుంచుకోండి.

ఇక్కడ రెండు అపార్థాలు తీర్చాలి. ఆర్థోగోనల్ అంటే వ్యతిరేకం అనుకునేవాళ్లున్నారు. తూర్పుకు వ్యతిరేకం పడమర. నేను తూర్పుకు రెండు కిలోమీటర్లు నడిచానని చెబితే పడమటి ఊరికి ఎంత దూరమయ్యానో మీరు చెప్పగలరు. అంటే వ్యతిరేకమైనవి గట్టిగా కట్టేసినట్టుంటాయి, ఒకటి తెలిస్తే రెండోదీ తెలుస్తుంది. ఉత్తరానికి ఎంత నడిచానో మాత్రం ఆ కబురు వల్ల మీకు తెలియదు. అదీ ఆర్థోగోనల్ అంటే. ఒకదాని గురించి ఎంత తెలిసినా రెండోదాని గురించి ఏమీ తెలియకపోవడం.

రెండో అపార్థం ప్రొఫెసర్ ఫ్రీడ్‌మన్‌గారిదే. అప్రస్తుతమని చివర్లో ఆయన కలిపిన అర్థాన్ని నేను ఒప్పుకోను. కోర్టులో తొందరలో అన్న మాట కాబట్టి సరిపెట్టుకోవచ్చు. గది పొడవు చెబితే వెడల్పు తెలియదు. అంతమాత్రాన టైల్స్ కొనబోయేవాడికి వెడల్పు అక్కర్లేదంటామా? దిగువకు ఎంత కొట్టుకుపోతామో తెలియకపోతే ఏ ఊళ్లో తేలతామో తెలియదు. వేరుగా చూడాలంటే పక్కన పారేయాలని కాదు. ఈ తేడా పట్టుబడకపోతే, ఇంట్లో ఎవరైనా బాధ చెప్పుకున్నప్పుడు “అది వేరే విషయం” అని నోరు మూయించడానికే ఈ తెలివి ఉపయోగపడుతుంది.

నాలుగు గళ్లు

రెండు లక్షణాలు విడివిడివా, జంటగా నడిచేవా అని తేల్చడానికి చవకైన పద్ధతి ఒకటుంది. కాగితం మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీయండి. నాలుగు గళ్లు వస్తాయి. ఒక్కో గడిలో మీకు తెలిసిన మనిషి పేరు రాయండి. నాలుగూ సులువుగా నిండితే ఆ రెండు లక్షణాలు విడివిడివేనని నమ్మొచ్చు. ఒక గడి ఖాళీగా ఉండిపోతే ఆగి ఆలోచించాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఇంట్లో చేయవలసిన పరీక్ష ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం, విషయం తెలిసి ఉండటం అనే జంట మీద. రెండూ ఉన్నవాళ్లు ఉన్నారు. రెండూ లేనివాళ్లూ ఉన్నారు. మోటారు విప్పి కళ్లు మూసుకుని బిగించగలిగి, దాని గురించి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చెప్పలేనివాళ్లు మీ వీధిలోనే ఉంటారు. నాలుగో గడి నింపడానికి ఎవరూ గుర్తురాకపోతే గిరీశాన్ని పిలవండి. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటిసారి ప్రదర్శనకెక్కింది 1892లో. అందులో గిరీశం దగ్గర చదువుకునే కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడితే, గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషు పద్యాల ముక్కలు, తలాతోకా లేని వాక్యాలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. తల్లికి అదే మురిపెం. ఆ మురిపెం ఇప్పటికీ పోలేదు. కార్పొరేట్ స్కూల్ వార్షికోత్సవంలో ముందు వరుసలో కూర్చుని చూడండి.

తెలుగు మీడియంలో చదివి ఉద్యోగం వేటలో ఉన్నవాళ్లకు ఇది కేవలం ఓదార్పు కాదు, ఆచరణకు పనికొచ్చే విషయం. ఇంటర్వ్యూ పోయినప్పుడు “నాకు రాదు” అని ఒకే ముద్దగా అనుకుని బయటికి రాకండి. అడిగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రే తెలుగులో రాసుకోండి. ఒక్కోదానికి తెలుగులో జవాబు చెప్పగలరో లేదో చూడండి. చెప్పగలిగితే లోపం భాషలో ఉంది, రోజూ గట్టిగా మాట్లాడటమే మందు. చెప్పలేకపోతే లోపం విషయంలో ఉంది, స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సుకు కట్టిన ఫీజు వృథా. రెండు లోపాలకూ రెండు మందులు. ఏది ఏదో తేల్చకుండా మందు మింగేవాళ్లే ఎక్కువ. కోచింగ్ సెంటర్లకు గిరాకీ అందుకే.

హామీ సంతకం

ఇప్పుడు ఖరీదైన ఉదాహరణ. దగ్గరి బంధువు అప్పు తీసుకుంటూ మిమ్మల్ని హామీదారుగా సంతకం పెట్టమంటాడు. ఆ క్షణంలో మన బుర్రలో తిరిగేది ఒకే ప్రశ్న: “ఆయన మంచివాడేనా?” మంచివాడే. సంతకం అయిపోతుంది.

కానీ అప్పు తీరడానికి రెండు కావాలి. తీర్చాలన్న బుద్ధి, తీర్చగల సత్తా. నాలుగు గళ్లు గీసి చూడండి, నాలుగూ నిండుతాయి. బుద్ధి ఉండి సత్తా లేనివాళ్ల గడే అన్నిటికంటే కిక్కిరిసి ఉంటుంది. బ్యాంకువాళ్లు ఈ రెంటినీ ఏనాడో విడదీశారు. పాత అప్పులు ఎలా కట్టాడన్నది క్రెడిట్ స్కోరులో చూస్తారు, ఇప్పుడు కట్టగలడా అన్నది జీతం స్లిప్పులోనూ ఆదాయపు పన్ను రిటర్నులోనూ చూస్తారు. ఒకటి బాగుందని రెండోది చూడకుండా ఊరుకోరు. మనం మాత్రం బంధుత్వం అనే మూడో కాగితం చూసి సంతకం పెడతాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. బావగారి మంచితనం ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

అడగడం మొహమాటం. నిజమే. మాట ఇలా నడుస్తుంది.

“బావా, నెలకు వాయిదా ఎంత పడుతుంది? ఇంటి ఖర్చులు పోను చేతిలో ఎంత మిగులుతుంది? ఒకసారి కాగితం మీద వేద్దామా?”

“అంటే నా మీద నమ్మకం లేదన్నమాట.”

“నమ్మకం లేకపోతే ఇంతసేపు కూర్చోను బావా. నువ్వు ఎగ్గొడతావని కాదు. రేపు దుకాణం రెండు నెలలు నడవకపోతే వాయిదా ఎక్కణ్నుంచి తెస్తావన్నదే నా ప్రశ్న.”

ఇందులో మెళకువ ఒక్కటే. బుద్ధి మీద ప్రశ్న లేదని ముందే గట్టిగా చెప్పేయాలి, ఆ తర్వాతే సత్తా లెక్కలోకి దిగాలి. క్రమం తిరగబడితే కాగితం తీసేలోపే గొడవ మొదలవుతుంది. లెక్క తేలకపోతే సంతకం పెట్టకండి. చేతనైనంత డబ్బు ఇచ్చేయండి, తిరిగి రాదనుకునే ఇవ్వండి.

భార్యాభర్తల మధ్య ఇదే ముడి చిన్న రూపంలో రోజూ పడుతుంది. “కరెంటు బిల్లు మళ్లీ కట్టలేదు!” అని ఆమె గొంతు పెంచుతుంది. “అలా అరుస్తావెందుకు?” అని అతను. బిల్లు కట్టకపోవడం నిజం, అరవడమూ నిజం. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. త్వరగా తేలిపోయేదాన్ని ముందు పట్టుకోండని నా సలహా. ఫోన్లో బిల్లు కట్టేసి, అప్పుడు అరుపు గురించి మాట్లాడండి. అప్పటికి అరుపే చల్లారి ఉంటుంది. సిగరెట్ తాగే డాక్టరు సిగరెట్ మానమంటే నవ్వేవాళ్లు చేసే పొరపాటూ ఈ జాతిదే. ఆయన ఊపిరితిత్తుల గతి ఆయనది, సలహా మాత్రం సరైనది.

ఉద్యోగం మానేయాలా వద్దా అని ఊగిసలాడేవాళ్ల కోసం ఒక పరిశోధన చెప్పి ముందుకు పోతాను. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ అకౌంటెంట్లనూ ప్రశ్నించి, 1959లో ఒక పుస్తకం వేశారు. ఉద్యోగంలో తృప్తి, అసంతృప్తి ఒకే కొలబద్దకు రెండు కొసలు కావని వాళ్ల వాదన. జీతం, కంపెనీ నియమాలు, పై అధికారి తీరు, పని పరిస్థితులు బాగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగుపడితే అసంతృప్తి పోతుందే గాని తృప్తి పుట్టదు. తృప్తికి కావలసినవి వేరు: చేసిన పని ఫలించడం, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల. మంచి జరిగితే నా గొప్ప, చెడు జరిగితే పరిస్థితుల తప్పు అనడం మనిషి నైజం కాబట్టి, నేరుగా అడిగి రాబట్టిన జవాబుల మీద ఇంత సిద్ధాంతం కట్టకూడదని విమర్శకులన్నారు. ఆ విమర్శ న్యాయమే. అయినా రాజీనామా రాసే ముందు రెండు జాబితాలు రాసుకోవడానికి ఆ పుస్తకం చాలు. జీతం పెంచారని ఆగిపోయి ఆరు నెలలకే మళ్లీ మొహం వేలాడేసినవాళ్లు మీ ఆఫీసులోనూ ఉంటారు.

విడదీయకూడనివి

ఇంతవరకు చదివి ప్రతిదాన్నీ విడదీయడం మొదలుపెడితే ఇంకో గోతిలో పడతారు. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ ప్రోగ్రామర్ల కోసం 1999లో రాసిన ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే పుస్తకంలో, విడదీయడానికి లొంగనివి ఎలా ఉంటాయో చెప్పడానికి హెలికాప్టర్‌ను తెచ్చారు. హెలికాప్టర్‌లో ఏ మీటా ఒంటరిది కాదు. పైకి లేవాలని ఎడమచేతి పక్కనున్న లివర్ ఎత్తితే రెక్కల మీద భారం పెరిగి, హెలికాప్టర్ ఒళ్లంతా పక్కకు తిరగబోతుంది. దాన్ని కాలి పెడల్‌తో సరిదిద్దాలి. ఆ సర్దుబాటు ఇంకోదాన్ని కదుపుతుంది. పైలట్ రెండు చేతులూ రెండు కాళ్లూ క్షణం తీరిక లేకుండా పనిచేసేది అందుకే. మంచి సాఫ్ట్‌వేర్ అలా ఉండకూడదని వాళ్ల సలహా. ఒకచోట మార్పు చేస్తే ఇంకోచోట విరగకూడదు.

సాఫ్ట్‌వేర్‌ను మనం కట్టుకుంటాం కాబట్టి అలా కట్టుకోవచ్చు. బతుకులో కొన్ని ముడులు మన చేతిలో లేవు. “నేను తాగితే నా ఇష్టం, ఇంటికి డబ్బు సరిగ్గానే ఇస్తున్నాగా” అనే మనిషి తాగుడునూ సంసారాన్నీ లంబకోణంలో నిలబెట్టాలని చూస్తున్నాడు. అవి అలా నిలబడవు. “ఆయన తింటాడు, కానీ పని చేసి పెడతాడు” అని మన రాజకీయ నాయకుల గురించి రచ్చబండ దగ్గర వినిపించే సర్టిఫికెట్ కూడా అలాంటిదే. తిన్నది ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి. రోడ్డు మందంలోంచి వస్తే తినడమూ పని చేయడమూ విడివిడి లక్షణాలు ఎలా అవుతాయి?

తేల్చుకోవడానికి అడగవలసిన ప్రశ్న ఒకటే. ఒకదాన్ని మార్చి, మిగతావన్నీ ఉన్నచోటే ఉంచితే రెండోది కదులుతుందా? నిద్ర తగ్గితే కోపం కదులుతుంది. కోపం పెరిగితే ఇల్లు కదులుతుంది. వాటిని విడదీసి ప్రయోజనం లేదు. నాన్న ఆస్తి పంపకం, నాన్న వైద్యం మాత్రం విడివిడి ప్రశ్నలు. పంపకంలో వాటా తగ్గినా రక్తపోటు మాత్ర వేళకు వేయాల్సిందే. అన్నదమ్ములు వాటిని ముడేసుకుని ఆసుపత్రి కారిడార్లో కొట్టుకోవడం చూడని డాక్టరు మన దగ్గర ఉండడు.

ఇక మాట వాడకం. ఇంగ్లీషులో దీని వెనక ‘టు’ వస్తుంది. ఒక విషయం ఇంకో విషయానికి ‘ఆర్థోగోనల్ టు’ అంటారు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో, డాలస్ నుంచో బే ఏరియా నుంచో సాగే ఫోన్ మీటింగుల్లో ఇది రోజూ వినబడుతుంది. లెక్కలు, సాఫ్ట్‌వేర్, గణాంకాలు తెలిసినవాళ్ల మధ్య వాడండి, రెండు నిమిషాల వివరణ మిగులుతుంది. మిగతా చోట్ల ‘సెపరేట్ క్వశ్చన్’ అంటే సరిపోతుంది. ఎవరైనా లేవనెత్తిన అభ్యంతరాన్ని ఆర్థోగోనల్ అన్నారంటే దాన్ని ఎప్పుడు తీసుకుంటారో అదే ఊపిరిలో చెప్పాలి. “అది వేరే విషయం, గురువారం దాని కోసమే కూర్చుందాం” అనాలి. రోజు చెప్పకుండా అంటే అది పెద్దమాటల ముసుగులో చేసిన అవమానం. జూనియర్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగు వారాల ప్రయోగం

ఈ ఆలోచనను పనిముట్టుగా మార్చినవారిలో ఒకరు మనవారే. కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగలిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల్లో ఎమ్మే చేసి, కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ‘ఆర్థోగోనల్ ఎర్రే’ అనే పట్టికల సిద్ధాంతాన్ని 1940లలో ఆయనే ప్రవేశపెట్టారు, 1947లో వచ్చిన పత్రం అందులో ముఖ్యం. తర్వాత జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి అలాంటి పట్టికల్ని కర్మాగారాల్లోకి తీసుకెళ్లారు. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడేసి స్థాయిలు ఉంటే మామూలుగా 81 ప్రయోగాలు కావాలి. ఆ పట్టికతో 9 చాలు. గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి రావుగారికి 2023లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు.

అందులో అన్నిటికంటే చిన్న పట్టిక మీ ఇంట్లో వాడుకోవచ్చు. రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. అనుమానం మూడిటి మీద: సాయంత్రం టీ, మంచం మీద ఫోన్, ఆలస్యంగా భోజనం. మనం సాధారణంగా ఏం చేస్తాం? జనవరి 1న మూడూ మానేస్తాం. నిద్ర కాస్త బాగుపడుతుంది. దేనివల్ల బాగుపడిందో తెలియదు. సంక్రాంతికి మూడూ మళ్లీ మొదలవుతాయి.

దీన్ని నాలుగు వారాల్లో తేల్చవచ్చు. మొదటి వారం మూడూ వద్దు. రెండో వారం టీ వద్దు, ఫోన్, ఆలస్యపు భోజనం ఉండనివ్వండి. మూడో వారం టీ, ఆలస్యపు భోజనం ఉంటాయి, ఫోన్ వద్దు. నాలుగో వారం టీ, ఫోన్ ఉంటాయి, భోజనం మాత్రం పెందలాడే. రోజూ పొద్దున్నే ఎన్ని గంటలు పడుకున్నారో రాసి, వారానికి సగటు తీయండి. వరసగా 7, 5.5, 6.5, 6 గంటలు వచ్చాయనుకోండి. టీ లేని వారాలు మొదటిది, రెండోది. వాటి సగటు 6.25. టీ తాగిన వారాలు మూడోది, నాలుగోది. వాటి సగటూ 6.25. ఫోన్ లేని వారాల సగటు 6.75, ఉన్నవాటిది 5.75. భోజనం పెందలాడే అయితే 6.5, ఆలస్యమైతే 6. ఫోన్ గంట తినేసింది, భోజనం అరగంట తినేసింది.

కిటుకు పట్టికలోనే ఉంది. టీ లేని రెండు వారాల్లో ఒకదాంట్లో ఫోన్ ఉంది, ఒకదాంట్లో లేదు. టీ ఉన్న వారాల్లోనూ అంతే. భోజనం సంగతీ అంతే. అందువల్ల టీ ఉన్న జంటనూ లేని జంటనూ పోల్చినప్పుడు ఫోన్, భోజనాల ప్రభావం రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. మూడు కారణాలనూ ఒకదానికొకటి లంబంగా నిలబెట్టామన్నమాట.

హద్దులూ చెప్పాలి. టీ, ఫోన్ రెండూ కలిస్తేనే చెరుపు చేసే రకమైతే ఈ చిన్న పట్టిక దాన్ని పట్టుకోలేదు, తప్పు మూడోదాని మీదికి తోసే ప్రమాదం ఉంది. అది పట్టుబడాలంటే ఎనిమిది వారాల పూర్తి ప్రయోగం కావాలి. జ్వరమొచ్చిన వారం, ఇంట్లో పెళ్లి పడిన వారం లెక్కలోంచి తీసేసి మళ్లీ చేయాలి. పావుగంట, ఇరవై నిమిషాల తేడాలను పట్టించుకోకండి, అవి ఊరికే వచ్చి పోయేవి. డాక్టరు రాసిచ్చిన మందుల్ని ఈ ఆటలోకి లాగకండి. నెలల తరబడి నిద్ర లేకపోతే పట్టికలు కాదు, డాక్టరు కావాలి.

మూడు నిలువు గీతలు, నాలుగు అడ్డగీతలు ఈ రాత్రే గీసి వంటింట్లో అతికించండి, సోమవారం మొదలుపెట్టండి. నాలుగో వారం అయ్యాక టీ నిర్దోషి అని తేలితే, సాయంత్రం టీ మాత్రం మానకండి.